జక్కయ్య ఎడ్లు, తెరుచుకోని ఫైలు

మార్చి 8, ఆదివారం

సాయంత్రం ఐదుంపావుకు వెల్దుర్తి జక్కయ్య మైకు లాక్కుని, తన బండ గీత దాటిందని వచ్చే ఆదివారంలోగా చూపించలేకపోతే ఎడ్ల జతను మర్నాడే సంతకు తోలేస్తానని మాట ఇచ్చాడు. గురజాల బయట, జిన్నింగ్ మిల్లు పక్క మైదానం. బండలాగుడు పోటీలు. ఎడ్ల వయసు పళ్లతో లెక్క, ఇది ఆరు పళ్ల విభాగం. ఊళ్లకు ఊళ్లు వచ్చి ఉన్నాయి. అందరూ విన్నారు.

ఎందుకన్నాడో ఇప్పుడే రాసుకోవాలి. రేపటికి ఎవరి కథ వాళ్లకు తయారవుతుంది.

ఇచ్చిన టైములో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. కోర్టుకు, అంటే బండ లాగే బరికి, రెండు చివరలా సున్నం గీతలుంటాయి. బండ మొత్తం గీత దాటాకే ఎడ్లను వెనక్కి తిప్పాలి. దాటకుండా తిప్పితే ఆ రౌండు లెక్కలోకి రాదు. ఆఖరి రౌండులో జక్కయ్య బండ తూర్పు గీత దాటలేదని అక్కడ నిలబడ్డ అంపైర్ కృష్ణయ్య ఎర్రజెండా ఊపారు. ఫస్టులో ఉన్న జత నాలుగో స్థానానికి పడిపోయింది.

కృష్ణయ్య అబద్ధం ఆడే మనిషి కాదు. సొంత అల్లుడి ఎడ్లకే ఎర్రజెండా ఊపి, ఏడాది పాటు కూతురి ఇంటికి వెళ్లలేకపోయారు. జక్కయ్య కూడా అబద్ధం ఆడడు. ఇద్దరు నిజాయితీపరులు గొడవపడితే రిపోర్టరుకు కష్టం. ఒకడైనా దొంగైతే వార్త సులువుగా నడుస్తుంది.

పెద్దాయనా, నీ కళ్లజోడు ఎప్పుడు మార్చావు అని జక్కయ్య అడిగాడు. నా జోడు సంగతి తర్వాత, ముందు నీ ఎడ్లకి జోడు పెట్టించు అన్నారు కృష్ణయ్య. జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వుకే జక్కయ్య మైకు లాక్కున్నాడు. పైగా నన్ను చూపించి, ఇదిగో అంతోని సార్, పేపరాయన, ఈయనే సాక్షి అన్నాడు.

యూట్యూబ్ వాళ్ల కెమెరా స్టేజీ వైపు ఉంది. తూర్పు చివర వాళ్లకు దుమ్ము తప్ప ఏమీ పడలేదు. బయటికి వస్తూ మిల్లు గోడ వైపు చూశాను. పైన సీసీ కెమెరా ఉంది. తూర్పు గీత వైపే తిరిగి ఉంది.

ఫలితం రాసి పంపాను. జక్కయ్య అభ్యంతరం ఒక వాక్యం. శపథం రాయలేదు. డెస్కు నుంచి ఫోన్ చేసి అసలు మసాలా వదిలేశావేంటని అడిగారు. వారం ఆగమన్నాను.


మార్చి 9, సోమవారం

ఇంకా పేపరు చదవడం పూర్తి కాలేదు, రాహేలు వచ్చింది. జక్కయ్య భార్య. వెల్దుర్తి నుంచి మాచర్ల, మాచర్లలో బస్సు మారి గురజాల. కూర్చోమంటే కూర్చోలేదు.

అన్నయ్యా, ఆ మనిషి నోటికి గొళ్లెం లేదని మా అమ్మ పెళ్లిచూపులప్పుడే చెప్పింది, నేనే వినలా అంది. ఎడ్లని పెంచింది నేను, ఉలవలు ఉడకేసింది నేను, ఈగ వాలితే కొంగుతో తోలింది నేను, అమ్మేది మాత్రం ఆయనంట అంది.

పాలపళ్ల దూడలప్పటి నుంచి ఆమె చేతి మీద పెరిగాయట. ఒకదాని పేరు మేస్త్రీ. రెండోదాని పేరు కండక్టరు. దూడగా ఉన్నప్పుడు రోడ్డు మీద నడిపిస్తే ప్రతి బస్టాపు దగ్గరా ఆగేవాడట, అందుకని.

కోపంలో అన్న మాట, వదిలేయమని మీరు చెప్పలేరా అని అడిగాను. మాట తప్పే మనిషైతే ఎప్పుడో బాగుపడేవాళ్లం, తప్పడు, అదే ఆయన రోగం అంది. మాట తప్పిన వాడని ఒకసారి పేరు పడితే ఏ కోర్టులో ఎడ్లని దింపినా మైకులో అదే చెప్తారు, ఎడ్లు ఆ మాటలు వినాల్నా అంది.

ఇద్దరం మిల్లుకు వెళ్లాం. అక్కడ ఆదిల్ బిల్లులు కొడతాడు. కెమెరాలు కూడా అతని నెత్తినే పెట్టారు. అతి జాగ్రత్త మనిషి. నా పెన్‌డ్రైవ్‌ను ముందు చొక్కాకు తుడిచి, ఆ తర్వాత స్కాన్ చేసి, ఆ తర్వాత కెమెరాల రికార్డింగు దాచే డీవీఆర్ పెట్టెకు పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మొత్తం ఎక్కించమన్నాను. ముక్క మాత్రమే తీసుకుంటే ముందూ వెనకా ఏం జరిగిందని తర్వాత ఎవరైనా అడుగుతారు. పెట్టెలో నాలుగైదు రోజులే ఉంటుంది సార్, తర్వాత పాతదాని మీద కొత్తది ఎక్కేస్తది, మంచి టైముకి వచ్చారు అన్నాడు.

రాహేలు అతని తల మీద చెయ్యి పెట్టి దీవించింది. ఆదిల్‌కు ముప్పై ఐదు ఉంటాయి. సిగ్గుపడ్డాడు.


అదే రోజు, మధ్యాహ్నం

ఫైలు తెరుచుకోలేదు.


అదే రోజు, సాయంత్రం

పేరు చివర చుక్క, తర్వాత ఎన్.వి.కె. ఇన్నేళ్లలో ఈ అక్షరాలు ఎక్కడా చూడలేదు. ఈ ఫార్మాట్ సపోర్ట్ కాదని ల్యాప్‌టాప్ చెప్పింది. రాహేలు నా భుజం మీదుగా చూసి, ఎన్.వి.కె. అంటే ఎవరన్నయ్యా, కాంట్రాక్టరా అంది.

ఫోన్లో పెట్టాను. ఫోన్ ఆ ఫైలును ఫైలుగానే ఒప్పుకోలేదు.

ఆఖరు బస్సుకు ఆమెను ఎక్కించి వచ్చాను. కిటికీలోంచి తల బయటపెట్టి, పేపరోళ్లు మంత్రుల గుట్లు బయటపెడతారంటారే, ఒక బొమ్మ తెరిపించలేవా అన్నయ్యా అంది. బస్సులో వాళ్లంతా నన్ను చూశారు.


మార్చి 10, మంగళవారం

మా సందు చివర అయాజ్ స్టూడియో. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్లి వీడియోలు, ఆధార్ ప్రింట్లు. ఎలాంటి వీడియో అయినా ఆడించే ప్లేయరుందని ధీమాగా పెట్టాడు. తెర మీద బూడిద రంగు, దాని మీద ఆకుపచ్చ గళ్లు. ఎడ్లు లోపల ఎక్కడో ఉన్నాయి సార్, పైన ఎవరో బూడిద పోశారు అన్నాడు.

ఫైలు పేరు చివర ఎన్.వి.కె. తీసేసి ఎంపీ ఫోర్ అని రాశాడు. ఇంటిపేరు మారిస్తే మనిషి మారడు. ఫైలూ మారలేదు. మళ్లీ పాత పేరు పెట్టించాను.

ఈలోగా స్టూడియోలో జనం చేరారు. ఫొటో దిగడానికి వచ్చినాయన పెన్‌డ్రైవ్‌ను కాసేపు ఎండలో పెట్టమన్నాడు. ఇంకొకాయన, ఏంది అంతోని సార్, పేపర్లో వెయ్యాల్సింది టీవీలో వెయ్యాలని చూత్తన్నావా అన్నాడు. ఒకామె మాత్రం ఆగి, ఇది జక్కయ్య ఎడ్ల సంగతేనా అని అడిగింది. అవునన్నాను. చానా మంచి జత అంది. మాచర్లలో చూశానంది. ఫొటో దిగకుండానే కూర్చుండిపోయింది.

ఇంటర్నెట్‌లో ఫైళ్లు మార్చిపెట్టే సైటు ఒకటి దొరికింది. ఫైలు అక్కడికి ఎక్కించాలి. పెట్టి వచ్చాను.


మార్చి 11, బుధవారం

తొమ్మిది శాతం ఎక్కింది. కరెంటు పోయింది. మళ్లీ సున్నా.


అదే రోజు, సాయంత్రం

డీవీఆర్ పెట్టె వెనక కంపెనీ నంబరుంది. చేశాను. ఉపయోగంలో లేదు. వెబ్‌సైట్ తెరిస్తే ఎవరో చీరలు అమ్ముతున్నారు. పెట్టె బిగించిన వాళ్లెవరని ఆదిల్‌ను అడిగితే, గుంటూరు నుంచి వచ్చారు సార్, ఇప్పుడా షాపులో బిర్యానీ పెట్టారు అన్నాడు.

కృష్ణయ్య ఫోన్ చేశారు. తెరిపించారా అని అడిగారు. లేదన్నాను. తెరిపించయ్యా, ఊళ్లో ఎవడు ఎదురైనా నా జోడు గురించే అడుగుతున్నాడు, పాలకేంద్రంలో ఒకడు వేళ్లు చూపించి ఇవెన్ని అన్నాడు అన్నారు. అందులో బండ దాటినట్టుంటే ఏం చేస్తారు అని అడిగాను. జెండా పోటీల కమిటీకి ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటా అన్నారు. కానీ దాటలేదు అన్నారు. గొంతులో అనుమానం లేదు.

కాబట్టి ఈ ఫైలు మీద ఎడ్లే కాదు, ఒక మనిషి జెండా కూడా ఆధారపడి ఉంది. ఇది వార్తలో వద్దు, డైరీలోనే ఉంచుతాను.


మార్చి 12, గురువారం

నరసరావుపేట వెళ్లాను. తస్లీమ్ పెళ్లి వీడియోల మిక్సింగ్ చేస్తుంది. పల్నాడులో సగం స్టూడియోల హార్డ్‌డిస్కులు ఆమె బల్ల మీదే ఉంటాయి. ఆమె ముందు మూడు తెరలు, మూడింటిలో మూడు పెళ్లిళ్లు. ఒక వరుడి మెడలోంచి ఎవరిదో చెయ్యి చెరిపేస్తోంది.

ఫైలు చూసి ఒక్కటే అడిగింది. ఇదొక్కటే ఇచ్చారా అన్నా, దీంతోపాటు చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండాలే అంది. ఇలాంటి పెట్టెలు వాటి వీడియోను అవే ఒక పద్ధతిలో చుట్టిపెడతాయట. విప్పే ప్లేయరును కూడా పక్కనే పెన్‌డ్రైవ్‌లో వేస్తాయట. అది లేకుండా ఎంత గీకినా బూడిదే వస్తుందట.

నా దగ్గర ఒక్క ఫైలే ఉంది. ఒక మనిషి మాయమైతే ఆఖరుసారి ఎవరు చూశారని వెనక్కి అడుగుతూ వెళ్తాం. అలాగే వెళ్లాను. దారిలో ముగ్గురే ఉన్నాం. నేను, అయాజ్, ఆదిల్. ఆదిల్‌కు ఫోన్ చేశాను. కాపీ అయినప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఎన్ని ఉన్నాయి అన్నాను.

రెండు సార్ అన్నాడు. ఒకటి వీడియో, ఇంకోటి చివర్లో ఈఎక్స్ఈ అని ఉంది, వైరస్సు, మీకు ఇచ్చేముందు నేనే తీసేశా, మీ లాప్‌టాప్ పాడవకూడదని అన్నాడు. థాంక్స్ కోసం ఆగాడు కూడా.

అతన్ని అనడానికి లేదు. పెన్‌డ్రైవ్‌లో ఈఎక్స్ఈ కనపడితే చంపేయాలని మా ప్రాంతంలో నెట్ సెంటర్ల కాలం నుంచి అందరికీ నేర్పారు. ఒకప్పుడు గురజాలలో ఏ షాపులో పెన్‌డ్రైవ్ పెట్టినా పక్క షాపు వైరస్ ఎక్కి వచ్చేది. మిల్లులో కూడా ఒకసారి బిల్లులన్నీ పోయాయట. నాకు కనపడి ఉంటే నేను కూడా చెరిపేసేవాణ్ణే.

తస్లీమ్ నవ్వు ఆపుకోలేకపోయింది. అది వైరస్సు కాదన్నా, ఆ ప్లేయరే, కాళ్లూ చేతులూ ఇచ్చి తల తీసి పంపాడన్నమాట అంది. మళ్లీ తెమ్మంది.


మార్చి 13, శుక్రవారం

ఇవాళ్టిది ఓపిగ్గా రాయాలి.

పొద్దున్నే మిల్లుకు వెళ్లాను. ఆదిల్ పెన్‌డ్రైవ్ పెట్టి, రెండు ఫైళ్లూ వచ్చేదాకా గుడ్లప్పగించి చూశాడు. ఆదివారం రికార్డింగు ఇంకా కొన ఊపిరితో ఉంది. ఎక్కించాడు. ఈఎక్స్ఈ మీద చెయ్యి పడకుండా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

దేన్నైనా రెండు చోట్ల ఉంచడం నా అలవాటు. దారిలో అయాజ్ దగ్గర ఆగి, ఇందులో ఉన్నవి నీ సిస్టంలో ఒక కాపీ వెయ్యి అన్నాను. ఫోన్ వస్తే బయటికి వచ్చాను. లోపలికి వెళ్లేసరికి అయాజ్ మొహం వెలిగిపోతోంది. సార్, మీ అదృష్టం బాగుండి నేను చూశా, లోపల వైరస్ ఉంది, మూలాలతో సహా పీకేశా, రీసైకిల్ బిన్‌లో కూడా లేకుండా చేశా అన్నాడు.

విషయం చెప్పేసరికి కుర్చీలో కూలబడ్డాడు. ముందే చెప్పొచ్చు కదా సార్ అన్నాడు. నిజమే. చెప్పి ఉండాల్సింది.

మళ్లీ మిల్లు. ఆదిల్ పెట్టెలో వెతికి, తల పట్టుకున్నాడు. ఆదివారం పోయింది సార్, దాని మీద ఇవాళ్టిది ఎక్కేసింది అన్నాడు. సరిగ్గా అప్పుడే రాహేలు ఫోన్. సంతకి లారీ మాట్లాడటానికి పోయాడన్నయ్యా, నేను అడ్డం పడుకుంటే పక్కనించి దాటుకుని పొయ్యాడు అంది. ఏడవడం లేదు. తిడుతోంది. కండక్టరు పొద్దుటి నుంచి మేత ముట్టలా, వాడికి తెలిసిపోయింది అంది.

ఫోన్ పెట్టేసి మిల్లు గేటు దగ్గర నిలబడ్డాను. నా దగ్గర ఉన్నది తాళం. దాని చెవిని ఇద్దరు మంచివాళ్లు చెరొకసారి పారేశారు.

తస్లీమ్‌కు చెప్పాను. ఆమె రంజాన్ రోజాలో ఉంది, గొంతు నీరసంగా ఉంది, కానీ నవ్వింది. వీడియో మీ దగ్గర ఉంది కదన్నా, మీకు ఆదివారంతో పనేంది, ప్లేయరు ఒకటే కావాలి, ఏ రోజు ముక్క తీసినా పక్కన అదే ప్లేయరు వస్తది, ఇవాళ్టిది ఏదో ఒకటి తియ్యండి అంది.

ఆదిల్, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పటికప్పుడు కెమెరాలో ఏం కనపడితే అది తీశాడు. మిల్లు గేటు, నిద్రపోతున్న కుక్క. పక్కన ప్లేయరు. పెన్‌డ్రైవ్‌ను చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టాను. ఎవరికీ చూపించకుండా ఇంటికి వచ్చాను. అయాజ్ స్టూడియో ముందు నుంచి రాకుండా చుట్టూ తిరిగి వచ్చాను.


మార్చి 14, శనివారం

నా ల్యాప్‌టాప్‌లో పెట్టే ధైర్యం లేదు. అదీ వైరస్ అనుకోవచ్చు. నేరుగా తస్లీమ్ దగ్గరే తెరవాలనుకున్నాను. గొడవలో ఉన్న ఇద్దరూ ఒకేసారి చూడాలన్నాను. జక్కయ్య రానన్నాడు. గెలిచినా ఓడినా మైదానంలోనే చూస్తా, నాలుగ్గోడల మధ్య కాదు అన్నాడట. బదులుగా రాహేలు వచ్చింది. అటు కృష్ణయ్య వచ్చారు. ముగ్గురం ఒకే బస్సు.

దారి పొడవునా ఇద్దరూ ఎదురెదురు సీట్లలో కూర్చుని, కిటికీల్లోంచి బయటికే చూశారు. మధ్యలో ఒకసారి రాహేలు సంచిలోంచి సున్నుండలు తీసి నాకొకటి ఇచ్చింది. కాసేపాగి కృష్ణయ్య ముందు కూడా పెట్టింది. తిను బాబాయ్, తిట్టాలంటే ఎదుటోడికీ ఓపికుండాలిగా అంది. ఆయన తిన్నారు.

తస్లీమ్ టీ తెప్పించింది. ఆమెకు రోజా. నేను ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలానికి టీ మానేశాను. రాహేలు ఎడ్ల సంగతి తేలేదాకా మంచినీళ్లు కూడా వద్దంది. చివరికి కృష్ణయ్య ఒక్కరే తాగారు, మేం ముగ్గురం చూస్తుండగా. ఇంత కష్టపడి టీ ఎప్పుడూ తాగలేదన్నారు.

తస్లీమ్ ప్లేయరు వేసి, ముందు నిన్నటి ముక్క పెట్టింది. కుక్క కనపడింది. తోక ఆడించింది. అందరం ఒక్కసారి కేకేశాం. పక్క షాపు వాళ్లు వచ్చి చూసి, కుక్కను చూసి వెళ్లిపోయారు.

తర్వాత ఆదివారం. బొమ్మ స్పష్టంగా ఉంది. తూర్పు గీత, దాని ఇవతల కరెంటు స్తంభం. జక్కయ్య జత ఆఖరి రౌండు. ఎడ్లు వచ్చాయి. స్తంభం దాటాయి. బండ స్తంభం దాటింది. జక్కయ్య ఎడ్లను తిప్పాడు. బండకూ గీతకూ మధ్య నేల కనపడుతోంది.

మళ్లీ పెట్టించాను. మళ్లీ అదే. బండ గీత దాటలేదు.

కృష్ణయ్య జోడు తీసి తుడుచుకున్నారు. రాహేలు తెర మీద కండక్టరు వీపు మీద వేలు పెట్టి, ఎంత అలిసిపోయాడో చూడు అంది. తర్వాత సంచి సర్దుకుంది. పద అన్నయ్యా, బస్సుందేమో చూద్దాం, మేత వెయ్యాలి అంది.

లేవలేకపోయాను. జాలితో కాదు. ఒక విషయం పొసగలేదు. పోటీకి ముందు తోలేవాళ్లంతా కోర్టు నడిచి గుర్తులు పెట్టుకుంటారు. పోటీలో దుమ్ము లేస్తే గీత కనపడదు. తొలి రౌండ్లలో ఎడ్లు ఊపు మీద గీత దాటి ముందుకు పోతాయి, ఇబ్బంది లేదు. అలిసిన రౌండులోనే గుర్తు దగ్గర తిప్పుతారు. జక్కయ్య సరిగ్గా స్తంభం దాటగానే తిప్పాడు. అన్నేళ్లుగా తోలే మనిషి గుర్తు అంత తప్పు పెట్టుకుంటాడా? వెనక్కి తిప్పమన్నాను. మధ్యాహ్నం నుంచి చూద్దామన్నాను. తస్లీమ్ తిప్పింది.

మధ్యాహ్నం పోటీలో గీత స్తంభం పక్కనే ఉంది.

తస్లీమ్ ముందుకు నడిపింది. టీ బ్రేకు. దుమ్ము అణచడానికి ట్యాంకరు వచ్చి నీళ్లు చల్లింది. స్తంభం దగ్గర ఎక్కువ పోసింది. అక్కడ బురదైంది. గీత కొట్టుకుపోయింది. తలపాగా చుట్టుకున్న ఒకాయన సున్నం బక్కెట్టు పట్టుకుని వచ్చాడు. బురదను కాలితో తొక్కి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. బురద దాటి అటుపక్క ఆరిన నేల మీద కొత్త గీత గీశాడు.

ఎవడ్రా ఆ తెలివితక్కువ ముసలోడు అన్నారు కృష్ణయ్య. పోటీ మధ్యలో గీత జరుపుతాడా ఎవడన్నా, పట్టుకోండి వాణ్ణి అన్నారు.

రాహేలు తెర దగ్గరికి వంగింది. బాబాయ్, ఆ తలపాగా నీదే అంది.

ఆయన జోడు సర్దుకుని చూశారు. చానా సేపు చూశారు. తర్వాత మెల్లగా, ఎడ్లు జారతాయని జరిపానమ్మా, బురదలో కాళ్లు విరుగుతాయని, నీ ఎడ్లే తర్వాత దిగేది అన్నారు. ఆ తర్వాత మైకులో ఏదో పిలిస్తే పోయి, జరిపిన మాటే మర్చిపోయారట. మళ్లీ వచ్చి నిలబడినప్పుడు గీత ఎక్కడుంటే అదే గీత అనుకున్నారు. గీసిందీ నేనే, దాటలేదందీ నేనే, నా అంత అంపైరు లేడు అన్నారు. ముందు ఆయనే నవ్వారు. తర్వాత రాహేలు. ఆమె నవ్వుతుంటే కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. మంచినీళ్లు అడిగింది.

జక్కయ్య స్తంభం గుర్తు సరైందే. బండ అసలు గీత దాటింది.

తస్లీమ్ వీడియోను ఎంపీ ఫోర్‌గా మార్చి, మూడు పెన్‌డ్రైవ్‌ల్లో వేసి ఇచ్చింది. ఇఫ్తార్‌కు ఉండి పొమ్మంది. కమిటీ మీటింగుందన్నాం. ఖర్జూరాలు పొట్లాలు కట్టి ఇచ్చింది. ఒకటి ఎడ్లకట.


అదే రోజు, పడుకోబోయే ముందు

మిల్లు షెడ్డులో కమిటీ. అయాజ్ పెళ్లిళ్ల ఎల్ఈడీ తెర తెచ్చి ఊరికే కట్టాడు. పరిహారం అన్నాడు. జనం మళ్లీ పోటీలకు వచ్చినంత మంది వచ్చారు. కృష్ణయ్య గీత జరిపే చోట వీడియో మూడుసార్లు వేయించుకుని చూశారు. మూడోసారికి చప్పట్లు.

కృష్ణయ్యే మైకు తీసుకున్నారు. తప్పు నాది, జక్కయ్య బండ దాటింది, వాడన్న మాట నిలబెట్టుకున్నాడు, ఎడ్ల జోలికి ఇక ఎవడూ పోవడానికి లేదు అన్నారు. జెండా బల్ల మీద పెట్టారు. కమిటీ వాళ్లు తీసి మళ్లీ ఆయన చేతిలోనే పెట్టారు. కొత్త గీత మీద లాగిన జతలు మూడు. అవి మళ్లీ లాగాలని నిర్ణయించారు. రేపే.

జక్కయ్య షెడ్డు చివర నిలబడి విన్నాడు. తెర మీద మేస్త్రీ, కండక్టరు కనపడినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకున్నాడు. మాట్లాడమని మైకు అతనికి ఇచ్చారు. కృష్ణయ్య చెయ్యి పట్టుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. గట్టిగా ఊపిరి పీల్చి, రేపు గనక నా ఎడ్లు ఫస్టు రాకపోతే, అన్నాడు.

రాహేలు కొంగు అతని నోట్లో కుక్కింది. ఆదిల్ మైకు వైరు పీకేశాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. రెండూ ఒకేసారి జరిగాయి.

వార్త పంపాను. ఒక్క విశేషణం వాడలేదు. డెస్కు నుంచి ఫోన్ చేసి నవ్వారు.


మార్చి 15, ఆదివారం, ఉదయం

మైదానంలో కూర్చుని రాస్తున్నాను. గీతలు తాడు కట్టి, టేపు పెట్టి వేశారు. కృష్ణయ్య సున్నం బక్కెట్టుకు దూరంగా నిలబడ్డారు.

జక్కయ్య మాట్లాడటం లేదు. బండ ఆగేదాకా నోరు విప్పకూడదని రాహేలు షరతు. నన్ను చూసి దండం పెట్టాడు. ఏదో చెప్పబోయాడు. వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. నోరు మూసుకుని ఎడ్ల దగ్గరికి వెళ్లాడు.

ఏడింటికి విజిల్. మొదట వాళ్లదే.